మూడో కొక్కెం

పోయిన నెల మా రంగన్న మదురై వచ్చి నాలుగు రోజులు మా ఇంట్లో ఉండి పోయినాడు. రంగన్న నా తోడబుట్టినవాడు, నాకంటే మూడేండ్లు పెద్ద. మేమిద్దరమూ పుట్టింది కోయంబత్తూరు పక్కన, సూలూరు పోయే దారిలో. అన్న ఆ పక్కనే ఉండిపోయినాడు. నన్ను మాత్రం దక్షిణాన నల్లరేగడి సేద్యం చేసేవాళ్ళ ఇంటికి ఇచ్చినారు. ఇప్పుడు సేద్యం మరిది చూసుకుంటాడు, నేను మాట్టుతావణి సంత దగ్గర కొడుకు ఇంట్లో కూర్చొని, పొద్దున లేస్తే కూరగాయల లారీల మోత వింటా కాలం గడుపుతున్నాను. అన్న వచ్చింది నా మనవరాలు వర్షిణి ఆట చూడడానికి. పదకొండేండ్ల పిల్ల, చక్రాల బూట్లు వేసుకొని హాకీ ఆడుతుంది. దానికి మా అబ్బాయి కొత్త బూట్లు తెప్పించినాడు. వాటికి నాడాలు లేవు. బూటు నాలుక మీద రూపాయి బిళ్ళంత తిరగలి ఒకటి ఉంది. దాన్ని తిప్పితే లోపల సన్నని ఇనుప తీగ బిగుసుకుంటుంది, టిక్కు టిక్కు అంటుంది. పైకి లాగితే అంతా ఒక్కసారిగా వదులైపోతుంది.

పిల్ల చూపించి చదువుకోను పోయింది. అన్న ఆ బూటును ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. అన్నకు కుడిచేతిలో బొటనవేలూ చిటికెనవేలూ తప్ప లేవు. ఆ రెండు వేళ్ళతోనే తిరగలిని పట్టుకొని తిప్పినాడు. బిగిసింది. లాగినాడు, వదులైంది. మళ్ళీ తిప్పినాడు. మధ్యాహ్నమంతా అదే పని. కోడలు కాఫీ తెచ్చి పెట్టి, "మామా, ఆరిపోతుంది," అని రెండుసార్లు చెప్పింది, వినపడలేదు. ఫ్యాను కింద వేడిగాలి తిరుగుతోంది, వీధిలో ఎవరూ లేరు, ఇల్లంతా అరనిద్రలో ఉంది. నేను వంటింటి గుమ్మంలో మునగాకు దూస్తా ఆ టిక్కు టిక్కు వింటున్నాను. వినేకొద్దీ నాకు భయం వేసింది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారు బతికున్నంత కాలం ఊరంతా చెప్పింది. పాపం, ఆమెకు తెలియదు. ఒక గింజ మాత్రం యాభై ఏండ్లుగా నా నోట్లోనే నానుతా ఉంది.

మా ఇల్లు ముందరిల్లు, దాని వెనక పొడుగాటి పెంకుల కొట్టం. కొట్టంలో ఆరు చిన్న మగ్గాలు కరెంటుతో తిరిగేవి. చీరలూ పంచెలూ కాదు, మా నాయన నేయించింది పట్టీలు. మంచాలకు నవారు, పావడాలకు నాడా, స్టవ్వులకు వత్తి, పరుపుల అంచులకు వేసే బద్దీ. "లోకంలో పెద్దవాళ్ళు గుడ్డ నేస్తారు, దాన్ని జారిపోకుండా పట్టేది మనం," అని నాయన నవ్వేవాడు. గంజి వాసన, మిషను నూనె వాసన, దూది నుసి, వీటి నడుమే మేము పెరిగినాము. తెల్లవారి మగ్గాలు మొదలుపెడితే వంటింట్లో గిన్నెలు సన్నగా వణికేవి. ఆ వణుకు ఆగితే మాకు మెలకువ వచ్చేది, అంటే కరెంటు పోయిందని అర్థం. ఇప్పటికీ ఒక్కోరోజు మధ్యాహ్నం కునుకు తీసి లేచేటప్పుడు ఆ మోత ఏదని వెతుక్కుంటాను.

ఇంటికి పెద్ద మా అవ్వ, నాయనను కన్నతల్లి. గడప దాటితే అరవం, గడప లోపల మన మాట, అది ఆమె చట్టం. బడి నుంచి వచ్చి మరిచిపోయి అరవంలో నీళ్ళడిగితే చెంబు ఇచ్చేది కాదు, మన మాటలో అడిగేదాకా చెవుడు వచ్చినట్టు కూర్చునేది. అట్లా నాకు మాట నిలిచింది, అక్షరాలు మాత్రం బడిలో అరవమే. ఈ తెలుగు రాత నేను పెండ్లయి ఇద్దరు పిల్లలు పుట్టినాక కూడబలుక్కొని నేర్చుకున్నది, తప్పులుంటే నవ్వుకోండి. అవ్వకు ఇంకా చట్టాలు ఉండేవి. తోలు వస్తువు గడప లోపలికి రాకూడదు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే చిన్నవాళ్ళకు ఆయుస్సు తగ్గుతుంది. పొరపాటున కాలు తగిలినా ఆమె పిల్లల చేత మూడుసార్లు కళ్ళకద్దించేది. మా అమ్మ ఈ చట్టాలను ఏనాడూ కాదనలేదు, నాయన కూడా కాదనలేదు. మా ఇంట్లో దేవుడి మాటకైనా మారుమాట ఉండేదేమో గానీ అవ్వ మాటకు లేదు.

అన్నకు వేళ్ళు పోయింది తొమ్మిదో ఏట. నాడా చుట్టే మిషను బెల్టులో చేయి పడింది. నాకు గుర్తున్నది అరుపు కాదు, మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయిన నిశ్శబ్దం. నాయన ఆ మిషనును ఊడదీసి అమ్మేసినాడు, తర్వాత ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అన్న ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. తినడం మాత్రం కుడిచేత్తోనే తినాలని అవ్వ పట్టు. అందుకని సజ్జ సంగటిని రెండు వేళ్ళకు అందేటట్టు ఉసిరికాయంత ఉండలు చేసి, ఉలవచారులో ముంచి పళ్ళెంలో వరసగా పెట్టేది. పన్నెండేండ్లకు అన్న చొక్కా గుండీలు తనే పెట్టుకునేవాడు, సైకిలు తొక్కేవాడు, గోళీలాటలో మమ్మల్నందరినీ ఓడించేవాడు. రానిది ఒక్కటే, ముడి. రెండు చేతులూ సరిసమానంగా లాగితేనే ముడి పడుతుంది. ఎన్నిసార్లు ప్రయత్నం చేసినా ఒక కొస జారిపోయేది, అన్న మొహం ఎర్రబడేది.

చక్రాల బూట్లు మా ఇంటికి వచ్చింది కూడా వింతే. నాయనకు తెలిసిన ఒక మిల్లు మేనేజరు బదిలీ అయి పోతా, తన పిల్లలు వాడి వదిలేసిన సామాను ఒక గోనెసంచిలో వేసి పంపినాడు. ముందు రెండు, వెనక రెండు చక్రాలున్న తోలు బూట్లు ఒక జత, వంకర కొస ఉన్న హాకీ కట్టెలు రెండు. అన్నకు అప్పుడు పదిహేనేండ్లు. కోయంబత్తూరు ఊరిలో, బస్సులో గంట దూరాన, నున్నటి సిమెంటు నేల మీద పిల్లలు ఆ ఆట ఆడే చోటు ఒకటి ఉండేది. నాయన ఒకసారి తోడుపోయి చూపించినాడు. కట్టెను ఎడమచేత్తో పైన పట్టుకొని, కుడి అరచేయి కింద ఆనిస్తే చాలు. పరుగు కాళ్ళది, వేళ్ళ పని లేదు. ఆ చేయి లోటు కనిపించని చోటు అన్నకు జీవితంలో అదొక్కటే దొరికింది. నెల తిరగకముందే అక్కడి మాస్టరు జట్టులో చేర్చుకున్నాడు.

మరి బూట్ల నాడా ఎవరు కట్టాలి? పక్కకు ఎనిమిది కంతలు, రెండు బూట్లకు ముప్పైరెండు, చివర ముడి. అమ్మ కట్టకూడదు, నాయన కట్టకూడదు, ఆయుస్సు మాట. మాస్టరు పెద్దవాడు, ఆయన కూడా కూడదని అవ్వ తేల్చింది. ఆయన క్రైస్తవుడు, ఆయనకు అవ్వ చట్టంతో ఏమి పని అని అన్న గొణిగినా లాభం లేకపోయింది. చివరికి మిగిలింది నేను. అన్న కాళ్ళు ముట్టుకుంటే నాకు పుణ్యమే తప్ప పాపం లేదు. అట్లా పన్నెండేండ్ల ఆడపిల్లను, వారానికి మూడు రోజులు బడి వదిలినాక బస్సెక్కి అన్న వెంట పోయేదాన్ని. ఊళ్ళో ఆడపిల్లలెవరికీ ఆ భాగ్యం లేదు. మరుసటి ఏడు నేను పెద్దమనిషినైనాను. అయితే బడి, లేకపోతే ఇల్లు, నా ఈడు వాళ్ళందరికీ దారి అంతే. నాకు మాత్రం అన్న నాడా ఉంది.

కట్టడంలో ఒక పనితనం ఉంది, అది నాకు ఎవరూ నేర్పలేదు. నాయన అన్న కోసం ప్రత్యేకంగా గట్టి నాడా నేయించి దానికి తేనెమైనం పట్టించి ఇచ్చినాడు, మైనం ఉంటే బిగించినది బిగించినట్టు నిలుస్తుంది. బొటనవేళ్ళ దగ్గర వదులుగా ఉండాలి, లేకపోతే కాలు తిమ్మిరెక్కుతుంది. పాదం వంపు దగ్గర ఒక మోస్తరు. చీలమండ దగ్గర మాత్రం పళ్ళు బిగబట్టి లాగాలి, మడమ బూటు అడుగుకు అతుక్కుపోవాలి. అన్నిటికంటే పైకంత వదిలేయాలి, అప్పుడే మోకాలు ముందుకు వంగుతుంది. రెండు నెలల్లో అన్న కాళ్ళు నాకు కంఠతా వచ్చిన పాఠమైనాయి. ఏ పొద్దు కాలు ఉబ్బింది, ఏ వేలు ఒరుసుకుపోయింది, చూడకుండానే వేళ్ళకు తెలిసేది. కట్టడం కాగానే అన్న రెండుసార్లు నేల మీద తన్ని చూసుకొని, నా తల మీద కట్టెతో మెల్లగా తట్టి వెళ్ళిపోయేవాడు.

అన్న ఆడుతున్నంతసేపూ నేను గట్టు మీద కూర్చునేదాన్ని. ఒకరోజు మాస్టరు పాత జత ఒకటి నా ముందు పడేసి, ఊరికే కూర్చుంటే నడుము పట్టుకుంటుంది, వేసుకో అన్నాడు. పావడా కుచ్చెళ్ళు ఎత్తి దోపుకొని నిలబడినాను, పడినాను, లేచినాను. ఎప్పుడో ఒక సాయంత్రం, ఎన్నో సాయంత్రమో తెలియదు, కాళ్ళు నావి కానట్టు ముందుకు పోయినాయి. ఆ ఎండ పసుపు రంగులో ఉంది. చక్రాల మోత మా మగ్గాల మోత లాగే ఉంది. గోడ పక్క వేపచెట్ల నుంచి పూత రాలి నేల మీద పడుతోంది, నేను ఆ పూత మీదుగా జారుతా తిరుగుతా ఉన్నాను. ఎవరూ నన్ను పిలవలేదు, నేను ఎవరికీ నీళ్ళు తేవాల్సిన పని లేదు. ఇప్పటికీ జ్వరం వచ్చినప్పుడు నాకు వచ్చే కల అదే. మాస్టరు అన్నను పిలిచి, "పొన్ను నల్లా ఓడుదు," అన్నాడు, పిల్ల బాగా పరుగెడుతుందని. అన్న ఇంట్లో ఆ మాట చెప్పలేదు, చెప్పితే నన్ను పంపరని వాడికి తెలుసు. చూడండి, వాడు అనేసినాను. ఆ రోజులు తలుచుకుంటే మర్యాద ఎక్కడికో పోతుంది.

నాకు స్వర్గమైనది అన్నకు కొరివి అయింది. ఆట నడుమ నాడా వదులైతే గట్టు దగ్గరికి వచ్చి కాలు చాపాల్సిందే. అవతలి జట్టు పిల్లలు తంగచ్చి, అంటే చెల్లెలు, వచ్చి బూటు వేస్తేనే దొర ఆడతాడని నవ్వేవాళ్ళు. పదిహేడేండ్ల మగపిల్లవాడు ఎన్నాళ్ళు ఓర్చుకుంటాడు? ఒక పొద్దు తిండి దగ్గర తల ఎత్తకుండానే, "నాయనా, నా బూటు నేనే వేసుకునేటట్టు ఏమన్నా చేసి ఇవ్వండి," అని అడిగినాడు. వేళ్ళు పోయినాక అన్న నాయనను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నాయన తినడం ఆపి చేయి కడుక్కొని కొట్టంలోకి పోయినాడు.

ఆ నాలుగు నెలలూ నాయన మగ్గాల పని మేస్త్రీకి వదిలేసినాడు. ముందు నవారుతో బెల్టులు కుట్టి బకిల్సు పెట్టినాడు. మూడు బెల్టులు బిగిస్తే కాలు మూడు చోట్ల కోసుకుంది, నడుమ ఖాళీలు. తర్వాత అమ్మ జాకెట్టు కొక్కేలు అడిగి తీసుకొని వరసగా కుట్టించినాడు. మొదటి మలుపుకే పటపటా తెగిపోయినాయి, అమ్మ చాలాసేపు నవ్వింది. సైకిలు ట్యూబు రబ్బరు సాగిపోయింది. ట్రంకు పెట్టె కొండీ ఒకటి పెడితే చీలమండకు గాటు పడింది. తిరుప్పూరు పోయి బనియన్ల మిల్లుల్లో డ్రాయర్లకు నాడాలు వేసేవాళ్ళను అడిగివచ్చినాడు, సూలూరులో పాత సామాను అంగడిలో ఎవరో వాడి పారేసిన క్యాన్వాసు సంచుల బెల్టులు ఏరుకొచ్చినాడు. ఆ బెల్టుల కొసన ఒకే చోట కుట్టిన రెండు ఇత్తడి రింగులు ఉండేవి. పట్టీని రెండింటి గుండా దూర్చి, ఒకదాని మీదుగా వెనక్కి లాగితే చాలు, ముడి లేకుండానే పట్టుకుంటుంది. నాయన ఆ రింగులను మూడు రోజులు జేబులో వేసుకొని తిరిగినాడు, మాట్లాడేటప్పుడు కూడా తీసి దూరుస్తా లాగుతా ఉండేవాడు.

చివరికి తయారైనది ఇది. కంతలన్నీ మూయించి, బూటుకు ఎనిమిది ఇనుప కొక్కేలు వేయించినాడు, పక్కకు నాలుగు. మైనం పట్టించిన సన్నని పట్టీ ఒక కొస బొటనవేలి దగ్గర మైనపు దారంతో గట్టిగా కుట్టేసి ఉంటుంది. రెండో కొసను ఎడమచేత్తో పట్టుకొని ఈ కొక్కేనికి ఆ కొక్కేనికి అడ్డంగా తగిలిస్తా పైకి పోవాలి. చీలమండ దగ్గర రింగుల్లో దూర్చి వెనక్కి ఒక్క లాగు. అంతే, ఒంటిచేతి పని. మూడో కొక్కెం పాదం వంపులో ఉండేది, కళ్ళకు సరిగ్గా కనపడదు, వేలితో తడిమి తగిలించాలి. అన్న కొట్టంలో నేల మీద కూర్చొని వంద సార్లు వేసి తీసినాడు. కళ్ళు మూసుకొని వేసినాడు. పనివాళ్ళందరూ మగ్గాలు ఆపి వచ్చి చూసినారు. అవ్వ తోలు అని కూడా చూడకుండా కొట్టంలోకి వచ్చి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. నాయన కళ్ళు తుడుచుకుంటా, నుసి పడిందన్నాడు.

నేను కూడా చప్పట్లు కొట్టినాను. సంతోషం లేదని చెప్తే అబద్ధం. కానీ ఆ రాత్రి అన్నం వడ్డిస్తా అమ్మ మామూలుగా, ఏమీ లేనట్టు, ఒక మాట చెప్పింది. ఇంక అమ్మిణి ఎందుకు పోవడం, ఇంటికాడ ఉండి రుబ్బడం నేర్చుకోనీ, అని. మా పక్క ఆడపిల్లలను ముద్దుగా అమ్మిణి అంటారు. అవ్వ తల ఊపింది. నాయన విననే లేదు, ఆయన ఇంకా రింగుల లోకంలోనే ఉన్నాడు. అన్న నా పక్క చూసినాడు, చూసి తల దించుకున్నాడు. ఆ సిమెంటు నేల, ఆ పసుపు ఎండ, అన్నీ ఒక మాటతో అయిపోయినాయి.

మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం పనివాళ్ళు తిండికి పోయినారు, మగ్గాలు ఆగి ఉన్నాయి. కొట్టంలో పట్టీల కొసలు కోసే బ్లేడు కిటికీలో ఉంటుంది. తోలు ఇంట్లోకి రాదు కాబట్టి కొట్టంలోనే మేకుకు వేలాడే కుడి బూటు దించి, బొటనవేలి దగ్గర కుట్టులో సగం దారాలు తెంపినాను. సగమే. అభ్యాసంలో ఎప్పుడో పట్టీ ఊడి వస్తుంది, ఇది నమ్మేది కాదు, అమ్మిణి ఉంటేనే మేలు అనుకుంటారు. పద్నాలుగేండ్ల బుర్ర లెక్క అది. నాయన కుట్టు ఎంత గట్టిదో నేను తలచలేదు. మిగిలిన సగం దారాలు వారమంతా అభ్యాసాన్ని తట్టుకున్నాయి. ఆదివారం సేలం జట్టుతో పోటీ. ఇంటిల్లిపాదీ చూడను పోయినాము, అవ్వ కూడా. శనివారమే చెప్పి ఉండాలి. చెప్పితే చేసినది బయటపడుతుంది. కుక్కిన పేను మాదిరి ఊరకుండిపోయినాను.

అన్న తన బూట్లు తనే వేసుకున్నాడు. గట్టు మీద కూర్చొని, అందరూ చూస్తుండగా, తొందర లేకుండా, ఒక్కో కొక్కెమూ తగిలించి. వెనక్కి లాగి తలెత్తి నాయనను చూసినాడు. అట్లాంటి మొహం నేను మళ్ళీ చూడలేదు. సగం ఆట బాగా పోయింది, ఒక గోలు కూడా వేసినాడు. తర్వాత మూల దగ్గర మలుపు తిరుగుతుంటే కుడికాలు బూటులో పక్కకు పోయింది, అన్న గోడకు కొట్టుకొని పడినాడు. ఎడమ భుజం ఎముక విరిగింది. అందరికంటే ముందు నేను పరుగెత్తినాను, ఆ కాళ్ళు నావే కదా. బూటు తీసి, ఊడివచ్చిన పట్టీతో సహా ఎవరూ చూడకముందే సంచిలో పెట్టేసినాను. వాళ్ళు అన్నను ఆసుపత్రికి తీసుకొని పోయినారు, నన్నూ అవ్వనూ ఇంటికి పంపినారు. ఇంటికి రాగానే కొట్టంలోకి పోయి, ఆ కుట్టును అదే మైనపు దారంతో, అవే కంతల గుండా మళ్ళీ కుట్టేసినాను. కుట్టు చక్కగా పడింది.

నాయన వచ్చి బూటు తిరగేసి చూసినాడు. కుట్టు లాగి చూసినాడు, రింగులు చూసినాడు. అంతా సరిగ్గా ఉంది. అన్న చేతికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. నాయన నన్ను పిలిచి, "అమ్మిణీ, నువ్వే కదా విప్పింది, కొక్కేలన్నీ తగిలించి ఉన్నాయా?" అని అడిగినాడు.

"మూడోది తప్పింది నాయనా," అన్నాను.

అన్న వింటున్నాడు. కాదనలేదు. కుడిచేయి పైకెత్తి ఒకసారి చూసుకొని దుప్పటి కిందికి పెట్టుకున్నాడు. నాయన బూట్లు తీసుకొని పోయి కొట్టంలో మేకుకు తగిలించినాడు. భుజం మానింది, మాస్టరు రెండుసార్లు ఇంటికి వచ్చి పిలిచినాడు, అన్న పోలేదు. నన్ను పంపించే పని కూడా ఎవరికీ లేకపోయింది. దేనికోసం తెంపినానో అది నాకూ దక్కలేదు.

తప్పు ఒక రోజుది. దాని నీడ మాత్రం పొడుగు. అన్న ఆ తర్వాత ఏ పనికీ ఆ చేతిని నమ్మలేదు. స్కూటరు కొనలేదు. తమ పిల్లలు పుట్టినప్పుడు పసిపిల్లను ఎత్తుకోమని వదిన ఇస్తే, వద్దు, నా చేయి తప్పుతుంది, అని వెనక్కి జరిగేవాడట. ఈ మాట వదిన నాతో నవ్వుతానే చెప్పింది, నేను లోపలికి పోయి మొహం కడుక్కున్నాను. అంతకు ముందు అన్న పెండ్లి. మాలో తాళికి మొదటి ముడి పెండ్లికొడుకు వేయాలి, మిగతా రెండూ ఆడపడుచు వేస్తుంది. మేళం గట్టిగా మోగుతోంది. అన్న తాళి వదిన మెడ చుట్టూ పట్టుకొని, నా చెవి దగ్గర, నువ్వే వెయ్యి అమ్మిణీ, నాది జారితే అపశకునం, అన్నాడు. మూడు ముళ్ళూ నేనే వేసినాను. అక్షింతలు పడుతున్నాయి, అందరూ నవ్వుతున్నారు. ఆ పొద్దే చెప్పి ఉండవలసింది. పెండ్లి ఇంట్లో ఇట్లాంటివి ఎట్లా చెప్తాము అనుకున్నాను. చెప్పకుండా ఉండడానికి మనిషికి ఎప్పుడూ ఒక మంచి కారణం దొరుకుతుంది.

ఇప్పుడు వర్షిణిని చూస్తే నాకు అసూయ కూడా కలుగుతుంది, దాచడమెందుకు. ఆ పిల్ల ఆడతానంది, ఆడుతోంది. ఎవరికో నాడా కట్టడానికని సాకు అక్కర్లేదు. పెద్దమనిషి అయితే ఆపేస్తారా అని అడిగితే నా కోడలు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. కోడలు పిల్ల పాదాన్ని ఒళ్ళో పెట్టుకొని బూటు తొడుగుతుంది, మా అవ్వ చూస్తే మూర్ఛపోయేది, పిల్ల ఆయుస్సుకు ఏమీ కాలేదు. అంగళ్ళలో ఏమేమి దొరుకుతున్నాయో కూడా మా అబ్బాయి ఫోనులో చూపించినాడు. అంటుకునే పట్టీలవి, పళ్ళున్న బకిల్సువి, సాగే నాడాలవి, ఈ తీగవి. నాయన నాలుగు నెలలు కష్టపడి వెతికినది లోకమంతా వెతికిందన్నమాట. కొన్ని బిగువు అంతటా ఒకే మాదిరి వేస్తాయి, వేళ్ళ దగ్గర వదులూ చీలమండ దగ్గర గట్టీ అన్నది వాటికి తెలియదని నాకు అనిపిస్తుంది. అయినా అన్న ఆ తిరగలిని తిప్పుతుంటే లోపం ఎత్తిచూపడానికి నాకు నోరు రాలేదు. నాయన ఉండి ఉంటే దాన్ని ఊడదీసి లోపల చూసి, తిండి మరిచిపోయి ఉండేవాడు.

నాలుగో రోజు పొద్దున అన్నకు పది గంటల బస్సు. కొడుకూ కోడలూ పనికి పోయినారు, పిల్ల బడికి. అన్న బాల్కనీలో కుర్చీ వేసుకొని పేపరు చూస్తున్నాడు. నేను ఇడ్లీల పళ్ళెం తెచ్చి ఇచ్చి, పక్కన నేల మీద కూర్చున్నాను. ఇంక ఎన్నిసార్లు వస్తాడు, నేను ఎన్నాళ్ళుంటాను అన్న లెక్క వచ్చింది. మొదలుపెట్టడం తెలియక బ్లేడు నుంచి మొదలుపెట్టినాను. సగం దారాలు తెంపింది, శనివారం చెప్పకపోయింది, మళ్ళీ కుట్టింది, నాయన అడిగితే చెప్పిన అబద్ధం, అన్నీ వరసగా చెప్పేసినాను. ఏడుపు రాలేదు, గొంతు మాత్రం ఎవరిదో అనిపించింది. క్షమించమని అడగలేదు. అడిగితే క్షమించేస్తాడు, అది నాకు తెలుసు, అందుకే అడగలేదు.

కింద అరటిగెలల లారీ ఒకటి వెనక్కి పోలేక అరుస్తోంది. తిడతాడనుకున్నాను, లేచి లోపలికి పోతాడనుకున్నాను. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఇడ్లీ పళ్ళెం పక్కన పెట్టి, కుడిచేయి మోకాలి మీద పరిచి, దాన్నే చూస్తున్నాడు.

"అమ్మిణీ," అన్నాడు చివరికి. "అయితే ఆ పొద్దు నేను సరిగ్గానే వేసినానా?"

"సరిగ్గానే వేసినావు అన్నా."

"అన్నీనా?"

"ఎనిమిదీ."

"మూడోది?"

"మూడోది కూడా," అన్నాను.